దూలగొండి గింజ, మెదడు గడప

నాడీకణాలు క్రమక్రమంగా క్షీణించే వ్యాధులకు మొక్కల నుంచి మందు తీయాలన్న ప్రయత్నంలో అసలు చిక్కు మొక్క దగ్గర లేదు, మెదడు గడప దగ్గర ఉంది. పరీక్షనాళికలో నాడీకణాలను కాపాడినవి, ఎలుకల్లో మేలు చేసినవి అయిన పదార్థాలు పసుపులోనూ ద్రాక్షతొక్కలోనూ తేయాకులోనూ ఎన్నో దొరికాయి; వాటిలో మనిషి మెదడుకు చాలినంత మోతాదులో చేరి, రోగికి పనికివచ్చినట్టు రుజువైనవి మాత్రం వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే. ఆ కొద్దిపాటి విజయాల్లో అన్నిటికంటే పెద్దది కంచెల మీదా పొదల మీదా పాకే దూలగొండి తీగతో ముడిపడి ఉంది. ఆ కథను కాస్త నిదానంగా చదివితే, మిగిలిన మొక్కల విషయంలో ఏమి అడగాలో, ఎంతవరకు నమ్మాలో పాఠకులకు తేటపడుతుంది.

ఈ కోవకు చెందిన వ్యాధుల్లో ఎక్కువమందికి తెలిసినవి రెండు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించిన వణుకుడు జబ్బు, అంటే నేటి పార్కిన్సన్స్ వ్యాధిలో, మెదడు అడుగున నల్లని ఛాయతో ఉండే ఒక చిన్న ప్రాంతంలోని కణాలు చనిపోతాయి. కదలికలను నియంత్రించే డోపమైన్ అనే సంకేత రసాయనాన్ని తయారుచేసేవి ఆ కణాలే కనుక, అవి తగ్గేకొద్దీ చేయి వణుకుతుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది, అడుగు చిన్నదవుతుంది, ముఖంలో కదలిక తగ్గిపోతుంది. జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ 1906లో మొదటిసారి వివరించిన రెండో వ్యాధి, అంటే అల్జీమర్స్‌లో, అమైలాయిడ్ అనే ప్రొటీన్ నాడీకణాల బయట గడ్డలుగానూ, టౌ అనే ప్రొటీన్ వాటి లోపల చిక్కుపడిన పోగులుగానూ పేరుకొని, జ్ఞాపకంతో మొదలై క్రమంగా మనిషి వ్యక్తిత్వాన్నే చెరిపేస్తుంది. భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, అల్జీమర్స్ వంటి కారణాల వల్ల వచ్చే డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా చెబుతోంది. ఈ రెండు వ్యాధుల్లో దేనినైనా ఆపగలిగిన మందు ఇప్పటికీ లేదు. ఉన్న మందులు లక్షణాలను తగ్గిస్తాయి, కొన్ని వేగాన్ని కొంత మందగింపజేస్తాయి.

మందు మెదడుకు చేరడం ఎందుకంత కష్టమో తెలియాలంటే 1885 నాటి ఒక ప్రయోగం దగ్గరికి వెళ్లాలి. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూసినప్పుడు, శరీరంలోని అవయవాలన్నీ ఆ రంగు పట్టుకున్నా మెదడు మాత్రం తెల్లగానే మిగిలింది. మెదడు కణజాలానికి ఆ రంగును పట్టుకునే గుణం లేదు కాబోలునని ఎర్లిక్ అనుకొన్నాడు. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో అలాంటి ఒక రంగును రక్తంలోకి కాక, మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి నేరుగా ఎక్కించాడు; ఈసారి మెదడు నిండా రంగు పట్టింది, శరీరంలోని మిగతా భాగానికి పట్టలేదు. గురువు ఊహ పొరపాటని, రక్తానికీ మెదడుకూ మధ్య ఏదో అడ్డుగోడ ఉందని అప్పుడు తేలింది. ఆ గోడ ఎక్కడుందో కళ్లకు కట్టింది 1967లో: థామస్ రీస్, మోరిస్ కర్నోవ్‌స్కీ ఎలుక రక్తంలోకి ఒక ఎంజైమును పంపి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడగా, అది మెదడులోని సన్నని రక్తనాళాల గోడల దగ్గరే ఆగిపోయి కనిపించింది. ఆ ఎంజైమును ఆవాల కుటుంబానికి చెందిన హార్స్‌రాడిష్ మొక్క వేరు నుంచి తీశారు. మెదడు గడప ఎక్కడుందో చూపించడానికి కూడా ఒక మొక్క పదార్థమే అక్కరకు వచ్చింది.

శరీరంలోని మిగతా చోట్ల సన్నని రక్తనాళాల గోడ కణాల మధ్య సందులుంటాయి, ఆ సందుల గుండా రక్తంలోని పదార్థాలు కణజాలంలోకి ఊరుతాయి. మెదడులో ఆ కణాలు ఒకదానికొకటి కుట్టివేసినట్టు అతుక్కొని ఉంటాయి కనుక, ఏ పదార్థమైనా కణం పక్కనుంచి జారిపోవడం కుదరదు, కణం గుండానే దాటాలి. దీనినే రక్త–మెదడు అవరోధం అంటారు. మనిషి మెదడులోని ఈ సన్నని నాళాలన్నిటినీ వరసగా పేరిస్తే సుమారు 600 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా, సాగుతాయి. అంత పొడవునా ఈ కాపలా ఉంది. కొవ్వులో కరిగే చిన్న అణువులు కణపు పొరలో కరిగి దాటగలవు. గ్లూకోజు, అమైనో ఆమ్లాల వంటి అవసరమైన పోషకాలను లోపలికి చేర్చడానికి ఆ కణాల పొరలోనే వాహక ప్రొటీన్లు ఉంటాయి. ఈ రెండు దారులూ లేని పదార్థం బయటే నిలిచిపోతుంది. ఎలాగో లోపలికి దూరిన పరాయి అణువులను పట్టుకొని మళ్లీ రక్తంలోకి తోసేసే పంపులు కూడా అక్కడున్నాయి. ప్రయోగశాలల్లో తయారైన చిన్న అణువుల మందుల్లో నూటికి 98 దాకా ఈ అవరోధాన్ని తగినంతగా దాటలేవన్న లెక్క వైద్యశాస్త్ర గ్రంథాల్లో తరచుగా కనిపిస్తుంది.

ఇప్పుడు దూలగొండి సంగతి. ‘దూల’ అంటే దురద. కాయల మీద మఖమలు లాగా మెరిసే గోధుమరంగు నూగు చర్మానికి తగిలితే నిలవనీయని దురద పుడుతుంది కాబట్టే దానికా పేరు. వంకీ తిరిగిన ఆ కాయల లోపల చిక్కుడు గింజల వంటి నున్నని గింజలు ఉంటాయి. ఆయుర్వేదంలో కపికచ్ఛువు, ఆత్మగుప్త అన్న పేర్లతో చెప్పే గింజలు ఇవే. 1937లో మద్రాసులో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి అనే రసాయన శాస్త్రవేత్తలు ఈ గింజల నుంచి ఎల్-డోపా అనే అమైనో ఆమ్లాన్ని వేరుచేసి ప్రకటించారు. అదే పదార్థాన్ని అంతకు ముందే, 1913లో, స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో మార్కస్ గుగెన్‌హైమ్ యూరప్ వాళ్లు తినే ఒక పెద్దచిక్కుడు రకం నుంచి తీశాడు. దాని ప్రభావం చూడాలని తానే రెండున్నర గ్రాములు మింగి, తీవ్రమైన వాంతులతో బాధపడ్డాడు. ఆ వాంతులకు కారణమేమిటో ఆ రోజు ఎవరికీ తెలియదు. ఎల్-డోపాకు మెదడుతో సంబంధముందన్న ఊహ కూడా అప్పటికి లేదు.

ఆ సంబంధం బయటపడడానికి కూడా ఒక మొక్కే దారి తీసింది. సర్పగంధ వేరు నుంచి 1952లో వేరుచేసిన రెసర్పిన్ అనే ఆల్కలాయిడ్‌ను రక్తపోటుకు వాడేవారు. అది మెదడు గడపను తేలికగా దాటి, నాడీకణాల్లో నిలవ ఉండే సంకేత రసాయనాలను ఖాళీ చేస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రెసర్పిన్ ఇచ్చినప్పుడు అవి చెవులు వేలాడేసి, కదలామెదలక, పార్కిన్సన్స్ రోగుల్లాగే బిగుసుకుపోయాయి; వాటికి డోపాను సూదితో ఎక్కించగానే, కొద్దిసేపటికి చెవులు నిక్కబొడుచుకొని ఎప్పటిలా తిరగసాగాయి. డోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతున్నదని, ఆ డోపమైన్ కదలికలకు ప్రాణాధారమని అలా తెలిసింది. 1960లో వియన్నాలో ఒలే హోర్నికీవిచ్ పార్కిన్సన్స్‌తో మరణించినవారి మెదళ్లను పరీక్షించి డోపమైన్ లోటును చూపాడు. మరుసటి ఏడాదే అక్కడి వైద్యుడు వాల్టర్ బిర్క్‌మేయర్ రోగులకు ఎల్-డోపా ఇచ్చి చూశాడు. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ నోటి ద్వారా ఇచ్చి, మంచం పట్టినవారిని నడిపించగలిగాడు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి దక్కింది.

లోటు డోపమైన్‌ది అయినప్పుడు నేరుగా డోపమైన్‌నే ఇవ్వవచ్చు కదా అన్న ప్రశ్న ఎవరికైనా తడుతుంది. డోపమైన్ నీటిలో కరిగే అణువు, దాన్ని మోసుకుపోయే వాహకం మెదడు గడపలో లేదు, కాబట్టి రక్తంలో ఎంత నింపినా అది లోపలికి చేరదు. ఎల్-డోపాకు డోపమైన్ కంటే ఒక చిన్న ఆమ్లభాగం ఎక్కువ. ఆ ఒక్క భాగం వల్ల అది అమైనో ఆమ్లాల వేషంలో ఉంటుంది కనుక, పప్పు నుంచో పాల నుంచో వచ్చిన అమైనో ఆమ్లాలను మోసే వాహకమే దాన్ని కూడా లోపలికి తీసుకుపోతుంది. లోపల ఒక ఎంజైము ఆ ఆమ్లభాగాన్ని కత్తిరించేస్తే మిగిలేది డోపమైన్. మొక్క తన అవసరానికి తయారుచేసుకున్న ఒక అణువు మనిషి మెదడు వాహకానికి ఇంత చక్కగా అమరడం ఈ రంగం మొత్తంలో అత్యంత విలువైన విషయం.

అయితే అదే ఎంజైము పేగుల్లోనూ కాలేయంలోనూ రక్తనాళాల గోడల్లోనూ పుష్కలంగా ఉంది. అందువల్ల ఒట్టి ఎల్-డోపా మింగితే అందులో చాలా భాగం దారిలోనే డోపమైన్‌గా మారిపోయి, మెదడుకు నూటికి ఒక పాలు చేరడమే గగనమవుతుంది. దారిలో పుట్టిన ఆ డోపమైన్ ఊరకే ఉండదు: మెదడు కాండంలో వాంతిని పుట్టించే కేంద్రం అవరోధపు కాపలా లేని అతి కొద్ది చోట్లలో ఒకటి కనుక, అది నేరుగా అక్కడికి వెళ్లి కడుపు తిప్పుతుంది. గుగెన్‌హైమ్‌ను బాధించిన వాంతుల రహస్యం ఇదే. దీనికి దొరికిన పరిష్కారం వైద్యచరిత్రలో నిలిచిపోదగినది. కార్బిడోపా అనే పదార్థం ఆ ఎంజైమును పనిచేయనీయదు, కాని తాను మెదడు గడపను దాటలేదు. ఎల్-డోపాతో దాన్ని కలిపి ఇస్తే, బయటి ఎంజైము ఆగిపోతుంది, లోపలి ఎంజైము మామూలుగా పనిచేస్తుంది. శత్రువుగా తోచిన అవరోధమే ఇక్కడ కావలసిన చోట గీత గీసి సాయం చేసింది. ఈ జోడింపు వల్ల కావలసిన ఎల్-డోపా మోతాదు సుమారు నాలుగో వంతుకు తగ్గింది, వాంతుల బాధ చాలామందికి తప్పింది. నేటికీ పార్కిన్సన్స్ చికిత్సకు ఈ జంటమందే ఆధారం.

ఈ విధానం తెలిసినప్పుడే రోగి ఇంట్లోవారికి ఒక రోజువారీ విషయం అర్థమవుతుంది. పప్పు, గుడ్డు, మాంసం, పెరుగు ఎక్కువగా తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే, ఆ తిండిలోని అమైనో ఆమ్లాలు, మాత్రలోని ఎల్-డోపా ఒకే వాహకం కోసం పోటీపడతాయి, ఆ పూట మందు సరిగా పట్టదు. భోజనానికి అరగంట ముందో, గంట తరువాతో మాత్ర వేసుకొమ్మని డాక్టరు చెప్పేది అందుకే. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుకోవడానికి ముందు, అది ఏ వేళకు, దేనితో పడుతోందో చూసుకోవడం మేలు.

మరి మాత్రకు బదులు దూలగొండి పొడి వాడితే సరిపోదా? ఈ ప్రశ్నను వైద్యులు తేలికగా కొట్టిపారేయలేదు. 2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగుల మీద జరిగిన పరీక్షలో, 30 గ్రాముల గింజల పొడి మామూలు జంటమాత్ర కంటే త్వరగా, 35 నిమిషాల్లోనే, పనిచేయడం మొదలుపెట్టింది; మాత్రకు 69 నిమిషాలు పట్టింది. మాత్రలు కొనలేని రోగులను దృష్టిలో పెట్టుకొని బొలీవియాలో ఇటలీ వైద్యులు 18 మందితో జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో కూడా, వేయించి దంచిన పొడి ఒక్కో మోతాదు లెక్కన మాత్రకు తీసిపోలేదు. కాని దాన్నే 16 వారాలపాటు రోజూ వాడించి చూసినప్పుడు సగం మంది మధ్యలోనే మానుకోవలసి వచ్చింది, అందుకు కడుపులో వికారం ఒక ముఖ్య కారణమైంది. పొడిలో కార్బిడోపా లేదు. గుగెన్‌హైమ్ అనుభవమే మళ్లీ ఎదురైంది. దానికి తోడు, గింజలో ఎల్-డోపా పాలు రకాన్ని బట్టి, నేలను బట్టి మారుతుంది కనుక, ఒక చెంచాలో ఎంత మందు పడుతోందో ఇంట్లో ఎవరూ చెప్పలేరు. జంటమాత్ర వాడుతూనే చాటుగా ఈ పొడిని కూడా వేసుకుంటే మోతాదు హద్దుమీరి, ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం, రక్తపోటు పడిపోవడం, లేనివి కనిపించడం వంటి ప్రమాదాలు రావచ్చు. గింజలో గుణం లేదని దీని అర్థం కాదు; ఉన్న గుణాన్ని కొలిచి, కాపాడి, గడప దాటించే పని మాత్ర చేస్తోంది, పొడి చేయలేకపోతోంది.

పసుపు కథ ఇందుకు పూర్తిగా భిన్నం, దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్ల పేరు చెబితేనే పసుపు గుర్తొచ్చే తెలుగువారికి కొంత నిరాశ కలిగించేది కూడా. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్, దుంపలో నూటికి రెండు నుంచి అయిదు పాళ్లు ఉంటుంది. గాజుపాత్రలో అది అమైలాయిడ్ గడ్డలకు అంటుకొని వాటిని పేరుకోనీయదు. ఎలుకల్లో గడ్డలను తగ్గించినట్టు కాలిఫోర్నియా పరిశోధకులు 2005లో చూపారు. భారతదేశంలో, ముఖ్యంగా హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో, అల్జీమర్స్ తక్కువగా ఉందని వచ్చిన అధ్యయనాలను దీనికి జోడించి, పసుపు తినడం వల్లనే అలా జరిగిందని చాలామంది ప్రచారం చేశారు. అది నిరూపణ లేని మాట. కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. పేగు దాటినదాన్ని పేగు గోడా, కాలేయమూ వెంటనే వేరే పదార్థంగా మార్చి బయటికి పంపేస్తాయి. గ్రాముల లెక్కన మింగినవారి రక్తంలో కూడా దాని జాడ అతి స్వల్పం. రక్తంలోనే లేనిది మెదడుకు ఎలా చేరుతుంది? అల్జీమర్స్ రోగుల మీద 24 వారాలపాటు జరిపి 2012లో ప్రకటించిన ఒక పరీక్షలో ప్రయోజనమేమీ కనిపించలేదు, వారి రక్తంలో కర్క్యుమిన్ కూడా సరిగా కనిపించలేదు.

మిరియాల్లోని పైపెరిన్‌ను 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రక్తంలో కర్క్యుమిన్ లభ్యత 2000 శాతం పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రకటించిన ఫలితం ఈనాడు ప్రతి పసుపు మాత్ర డబ్బా మీదా ఎక్కింది. ఆ శాతం తప్పు కాదు, కాని సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని ఇరవై రెట్లు చేసినా పెద్ద మొత్తం కాదన్నది డబ్బా మీద ఉండదు. పైపెరిన్ ఆ పని చేసేది మందులను విరిచివేసే శరీర యంత్రాంగాన్ని అణచి. అదే దెబ్బకు మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి ఇతర మందుల మోతాదు కూడా రక్తంలో పెరిగిపోతుంది. గాఢమైన పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు ఇటలీ, అమెరికాల్లో నమోదయ్యాయి. కూరలో వేసే పసుపుకు ఈ భయం లేదు, పరిమాణం అంత ఉండదు కనుక. కర్క్యుమిన్‌ను అతి సన్నని రేణువులుగా మార్చి, డిమెన్షియా లేని 40 మందికి 18 నెలలు ఇచ్చిన ఒక పరీక్షలో జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడినట్టు 2018లో ప్రకటించారు. అది ఆశపెట్టే ఫలితమే అయినా, 40 మందితో తేలేది తక్కువ. గింకో అనే చెట్టు ఆకుల విషయంలో ఇలాంటి ఆశలు ఎన్నో రేగిన తరువాత, అమెరికాలో 3,069 మంది వృద్ధులను ఏళ్ల తరబడి పరిశీలించిన పెద్ద పరీక్ష 2008లో ఆ ఆకు సారం డిమెన్షియాను ఆపలేదని తేల్చేసింది.

వాహనమే అక్కరలేని మొక్క మందులూ ఉన్నాయి. మంచుకాలం చివర పూసే స్నోడ్రాప్ అనే తెల్లని పూల మొక్క నుంచి 1950ల్లో బల్గేరియాలో వైద్యానికి తెచ్చిన గాలంటమైన్, కొవ్వులో కరిగే చిన్న అణువు కావడంతో తనంతట తానే గడప దాటి, జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనం త్వరగా విరిగిపోకుండా చూస్తుంది. అమెరికాలో 2001 నుంచి అల్జీమర్స్‌కు అనుమతి పొంది వాడుకలో ఉంది. నైజీరియాలోని కలబార్ ప్రాంతంలో నేరనిర్ణయానికి విషంగా తినిపించిన గింజలోని ఫైసోస్టిగ్మిన్ నమూనాగా రూపొందిన రివాస్టిగ్మిన్‌ను 2007 నుంచి చర్మానికి అతికించే పట్టీగా కూడా ఇస్తున్నారు. కడుపును తప్పించడం వల్ల వాంతులు తగ్గాయి. ఈ రెండూ వ్యాధిని ఆపవు, కొంతకాలం రోగిని నిలబెడతాయి.

తామంతట తాము దాటలేనివాటికి వాహనాలు కట్టే పని ఇప్పుడు ప్రపంచమంతటా జరుగుతోంది. తల వెంట్రుక మందంలో కొన్ని వందల వంతు ఉండే కొవ్వు బుడగల్లో, పాలిమర్ రేణువుల్లో కర్క్యుమిన్ వంటి పదార్థాలను నింపి, వాటి పైన మెదడు వాహకాలు గుర్తుపట్టే గుర్తులను అతికించి పంపుతున్నారు. రక్తంలోని ఇనుమును మోసే ప్రొటీన్‌కు మెదడు గడపలో ఉన్న ద్వారాన్ని వాడుకొని ఒక ఎంజైము మందును లోపలికి చేర్చే పద్ధతికి, వేరొక అరుదైన పుట్టువ్యాధి కోసం, జపాన్ 2021లో అనుమతి ఇచ్చింది. దారి ఉందని దానివల్ల రుజువైంది. టొరంటోలో వైద్యులు, రక్తంలోకి సూక్ష్మమైన గాలిబుడగలు ఎక్కించి తలమీదినుంచి అల్ట్రాసౌండ్ తరంగాలను ఒకచోట కేంద్రీకరించి, అల్జీమర్స్ రోగుల్లో అవరోధాన్ని కొన్ని గంటలపాటు తెరిచి మళ్లీ మూసుకుపోయేలా చేయగలిగామని 2018లో ప్రకటించారు. అయితే సూక్ష్మరేణువుల్లో అధికభాగం మెదడుకు కాక కాలేయానికీ ప్లీహానికీ పోయి చేరుతుంది. మొక్కల పదార్థాలను నింపిన రేణువుల మీద వచ్చిన ఫలితాల్లో చాలా భాగం ఎలుకలను దాటి మనిషి దాకా రాలేదు.

ముక్కు దారి కూడా ఒకటి ఉంది. ముక్కు పైకప్పులో వాసన పసిగట్టే నాడులు నేరుగా మెదడులోకి వెళతాయి కనుక, ఆ నాడుల వెంట మందును అవరోధం పక్కనుంచి పంపవచ్చన్న ఆలోచన బలమైనదే. ఆయుర్వేదంలో ముక్కు ద్వారా మందు వేసే నస్యాన్ని ఇందుకు సాక్ష్యంగా చూపేవారూ ఉన్నారు. కాని ఎలుక ముక్కులో సగం దాకా వాసన పొరే ఉంటుంది, మనిషి ముక్కులో అది పదో వంతు కూడా ఉండదు. ఎలుకలో పనిచేసిన ముక్కుమందు మనిషిలో అదే మోతాదులో పనిచేస్తుందని చెప్పడం అందుకే తొందరపాటు. నూనెలో పసుపో, ఆకు పసరో కలిపి వృద్ధుల ముక్కులో పోయడం మరీ ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.

పార్కిన్సన్స్, అల్జీమర్స్ రోగులున్న ఇళ్లలో మొక్క మందుల ప్రకటన చూసినప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడే: అది మనుషుల మెదడుకు చేరినట్టు ఎవరు కొలిచారు, ఎంత చేరింది, ఎందరు రోగుల మీద పరీక్షించారు? ఆ ప్రశ్నలకు జవాబు దొరికేదాకా డాక్టరు రాసిన మాత్రలు మానవద్దు, వేళ తప్పనీయవద్దు. ఇప్పటికే ఏ పొడో, కషాయమో వాడుతూ ఉంటే ఆ డబ్బాను ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు వెంట తీసుకువెళ్లి డాక్టరుకు చూపించండి.